10 మైళ్ళ దగ్గరే నోరెండిపోతోంది: ల్యాండింగ్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

సింహపురి రచ్చబండ › చదువులు, ఉద్యోగాలు

పొదలకూరు_నిమ్మ · శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నాన్న కోసం నిమ్మకాయల ధర చూడటానికి మాత్రమే వచ్చేవాణ్ణి.

నాకు 21 ఏళ్ళు. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో కమర్షియల్ పైలట్ లైసెన్సుకి నేర్చుకుంటున్నాను. 200 గంటలు ఎగరాలి, ఇప్పటికి 47 అయ్యాయి. విమానం సెస్నా 172. మా ఫీల్డులో సోలో (ఒంటరిగా ఎగరడం) కూడా అయిపోయింది, అక్కడ ల్యాండింగులు పర్లేదు. గొప్పగా కాదు గానీ ఎవరూ తిట్టలేదు.

పోయిన వారం ఇన్‌స్ట్రక్టర్ సార్‌తో కలిసి ఒక పెద్ద ఎయిర్‌పోర్టుకి క్రాస్‌కంట్రీ వెళ్ళాను. ఎయిర్‌బస్సులు దిగే చోటు. మూడు అప్రోచ్‌లు (దిగడానికి రన్‌వే వైపు రావడం) చేశాను, మూడూ చెడగొట్టాను.

మొదటిది. 10 మైళ్ళ దగ్గర టవర్‌ని పిలిచాను. అప్పుడు 4500 అడుగుల మీద ఉన్నాం. రన్‌వే 27కి నేరుగా రమ్మని, 5 మైళ్ళ దగ్గర మళ్ళీ చెప్పమని అన్నారు. విన్నది అలాగే తిరిగి చెప్పడంలో తడబడ్డాను, వాళ్ళు మళ్ళీ చెప్పారు, ఈలోపు ఇంకో విమానం మాట్లాడింది. తల ఎత్తి చూస్తే రన్‌వే ఎక్కడో కింద ఉంది. పక్కనున్న పాపి లైట్లు (ఎత్తు సరిగా ఉందో లేదో చూపేవి) నాలుగూ తెల్లగా మెరుస్తున్నాయి, అంటే ఎత్తు చాలా ఎక్కువ. ముక్కు కిందికి తోశాను. ఎత్తు తగ్గింది గానీ స్పీడు 95 నాట్లకి పోయింది. సార్ గో-అరౌండ్ అన్నారు, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి లేవడం.

రెండోది. సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగే దారి) తిరిగి వచ్చాను. ఫైనల్లో (రన్‌వేకి ఎదురుగా వచ్చే చివరి భాగం) అన్నీ బాగానే ఉన్నాయి అనుకున్నా. నేల వచ్చేసిందనుకుని యోక్ (విమానం స్టీరింగు) లాగాను. నేల రాలేదు. ఇంకా 15 అడుగుల పైనే ఉన్నామట. స్టాల్ హారన్ (రెక్కలు విమానాన్ని మోయలేని దశ దగ్గరపడిందని చెప్పేది) కూసింది, దబ్బున పడ్డాం, మళ్ళీ లేచింది. సార్ పవర్ కొట్టి ఆయనే లేపారు.

మూడోది. వెనక జెట్ వస్తోంది, స్పీడు తగ్గించొద్దు అంది టవర్. 80 మీద రన్‌వే మీదికి వచ్చాను. విమానం దిగదే! తేలుతూనే ఉంది. సగం రన్‌వే అయిపోయాక ఆనింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా సార్ ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక మాత్రం అందరి ముందూ, "ఊరికి పోయి నిమ్మకాయలు అమ్ముకో" అన్నారు. ఆయన కోపం నాకర్థమైంది. కానీ ఎక్కడ తప్పు జరిగిందో మాత్రం అర్థం కాలేదు. ఇప్పుడు 10 మైళ్ళు అనే మాట తలుచుకుంటేనే నోరెండిపోతోంది. ఈ చదువుకి తోట బ్యాంకులో పెట్టారు, ఇంట్లో ఈ సంగతి చెప్పలేను.

చెరువుకట్ట · శనివారం, రాత్రి 9.52

ఏమబ్బా, మన దగదర్తిలో ఎయిర్‌పోర్టు వచ్చుంటే నువ్వు ఎంచక్కా అక్కడే దిగేవాడివి గదా. అదెప్పుడొస్తుందో ఎవరికన్నా తెలుసునా?

రచ్చబండ_పెద్ద (నిర్వాహకులు) · శనివారం, రాత్రి 9.58

దగదర్తికి వేరే అంశం ఉంది, 61 పేజీలు నడిచింది. అక్కడికి పోండి. ఇక్కడ పిల్లవాడు అడిగినదానికి జవాబులు రానివ్వండి.

ఒంగోలు_టైరు · శనివారం, రాత్రి 10.30

అబ్బాయ్, ముందే చెప్తున్నా, నేను పైలట్‌ని కాను. ఎయిర్‌ఫోర్సులో 20 ఏళ్ళు గ్రౌండ్ క్రూలో చేసి వచ్చినవాణ్ణి. కానీ విమానం దిగి వచ్చాక టైరు చూసి ఎలా దింపారో చెప్పేవాణ్ణి. ఒక పక్కే అరిగిందంటే వంకరగా ఆనించాడు. ఒకచోట చదునుగా గీసుకుపోయిందంటే ఆనీ ఆనగానే బ్రేకు తొక్కాడు, అంటే వేగంగా వచ్చి గాబరాపడ్డాడు. ముక్కు చక్రం దగ్గర సీలు కారుతోందంటే ముక్కు ముందు కొట్టాడు.

నేను చూసినంతలో కుర్రాళ్ళందరిదీ ఒకటే జబ్బు, గట్టిగా పట్టుకోవడం. యోక్‌ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నలిపితే చస్తుంది, వదిలితే పారిపోతుంది. ట్రిమ్ (యోక్ మీద చేతి బరువు తీసేసే చక్రం) సరిగా పెట్టావంటే చెయ్యి తీసినా స్పీడు 65 దగ్గరే నిలబడాలి. నిలబడటం లేదంటే నువ్వు నడపడం లేదు, దానితో కుస్తీ పడుతున్నావు.

ఎగిరిపడ్డప్పుడు మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకో. ముక్కు కిందికి తొయ్యకు. తోశావంటే ముక్కు చక్రం మీద పడుతుంది, మళ్ళీ లేస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. మూడోసారికి ప్రొపెల్లర్ రన్‌వేని కోస్తుంది. మీ సార్ పవర్ కొట్టి లేపాడన్నావే, అదే సరైన పని.

నిమ్మకాయలు అమ్ముకోమన్నాడా? ఆయన ఒకసారి గూడూరు మార్కెట్టుకి వచ్చి అమ్మి చూడాలి, అదెంత తేలికో తెలుస్తుంది.

టవర్_అక్క · ఆదివారం, ఉదయం 6.15

నైట్ షిఫ్ట్ దిగి చదువుతున్నా. మాది కందుకూరు దగ్గర. ఒక ఎయిర్‌పోర్టులో కంట్రోలర్‌ని. ఏ ఊరో అడగొద్దు.

తమ్ముడూ, నీ మొదటి అప్రోచ్ రన్‌వే దగ్గర చెడలేదు. నువ్వు టవర్‌ని పిలవకముందే చెడింది. లెక్క చూడు.

మామూలు గ్లైడ్‌పాత్ (దిగే దారి వాలు) 3 డిగ్రీలు. అంటే రన్‌వేకి ఒక్కో మైలు (మా లెక్కలో నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు) దూరానికీ దాదాపు 300 అడుగుల ఎత్తు. 10 మైళ్ళ దగ్గర నువ్వుండాల్సింది నేలకి 3000 అడుగుల పైన. ఆ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉంది?

పొదలకూరు_నిమ్మ · ఆదివారం, ఉదయం 7.05

దాదాపు 500 అడుగులక్కా.

టవర్_అక్క · ఆదివారం, ఉదయం 7.20

మరి 4500లో 500 తీసెయ్యి. నేలకి 4000 అడుగుల పైనున్నావు. నోరు తెరిచి మాతో మాట్లాడేటప్పటికే 1000 అడుగులు ఎక్కువ. ఆ మాటలయ్యేలోపు రెండు మైళ్ళు పోయాయి, అవి కూడా దిగకుండానే పోయాయి. ఇంక నాలుగు లైట్లూ తెల్లగా కాక ఎర్రగా ఉంటాయా?

సర్క్యూట్‌లోకి వెళ్ళినా ఇదే లెక్క. సర్క్యూట్ ఎత్తు నేలకి 1000, అంటే ఆల్టీమీటరులో 1500. నువ్వు 3000 అడుగులు దిగాలి. నిమిషానికి 500 చొప్పున 6 నిమిషాలు. 105 నాట్ల మీద 6 నిమిషాల్లో పదిన్నర మైళ్ళు పోతావు. 10 మైళ్ళ దగ్గర కూడా ఇంకా 4500 మీదే కూర్చుంటే ఎప్పుడు దిగుతావు?

15 మైళ్ళ దగ్గరే దిగడం మొదలుపెట్టు. అంతకు ముందే ఏటిస్ (ఎయిర్‌పోర్టు రేడియోలో వచ్చే రికార్డు సమాచారం) విని గాలి, రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఆల్టీమీటరులో పెట్టాల్సిన గాలి ఒత్తిడి) మోకాలి మీది కాగితంలో రాసుకో. మమ్మల్ని పిలిచేటప్పుడు నీ చేతిలో చేయాల్సిన పని ఏదీ మిగిలి ఉండకూడదు, వినడం తప్ప.

ఇంకో మాట. మొదటి కాల్‌లోనే స్టూడెంట్ పైలట్ అని చెప్పు. సిగ్గేమీ లేదు. ఆ మాట వినగానే మేము నెమ్మదిగా మాట్లాడతాం, వెనకొచ్చే జెట్‌కి నీ గురించి ముందే చెప్తాం. అర్థం కాకపోతే "సే అగైన్" అను. అర్థం కాకుండానే "రోజర్" (విన్నాను) అనేవాళ్ళంటేనే మాకు భయం.

చెరువుకట్ట · ఆదివారం, ఉదయం 8.10

105 నాట్లు అంటే మా కోవూరులో 105 ఎకరాల వరినాట్లు అనుకున్నా మేడమ్.

టవర్_అక్క · ఆదివారం, ఉదయం 8.14

ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు అన్నా. ఇతను దిగాల్సిన 65 నాట్లు అంటే గంటకి 120 కిలోమీటర్లు. ఇక నిద్రపోతున్నా.

పొదలకూరు_నిమ్మ · ఆదివారం, ఉదయం 11.30

అక్కా, కాగితం మీద వేసి చూశాను. అలాగే ఉంది. సిగ్గుగా ఉంది, ఇదంతా క్లాసులో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా.

ఇప్పుడు ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. మా ఫీల్డులో నేను ఎత్తు చూసి దిగడం లేదు, గుర్తులు చూసి దిగుతున్నా. నీళ్ళ ట్యాంకు పక్కకి రాగానే పవర్ తగ్గించి 10 డిగ్రీల ఫ్లాప్ (రెక్క వెనక కిందికి వంచే పలక), ఇటుకల బట్టీ దాటగానే బేస్‌కి (ఫైనల్‌కి ముందు వచ్చే అడ్డ దారి) తిరగడం, గుడి గోపురం మీద 20 ఫ్లాప్. రోజూ అదే దారి. అక్కడ ట్యాంకూ లేదు, బట్టీ లేదు, నేరుగా రమ్మన్నారు. ఏం చెయ్యాలో చెప్పే వస్తువు ఒక్కటీ కింద కనపడలేదు.

ఒంగోలు_టైరు · ఆదివారం, మధ్యాహ్నం 12.05

హహ. మా మేనల్లుడు స్కూటర్ ఇట్నే నేర్చుకున్నాడు. వాళ్ళ వీధిలో మహా బాగా తోలతాడు. ట్రంకు రోడ్డెక్కితే దిగి తోసుకుంటూ వస్తాడు.

కుడిసీటు · ఆదివారం, మధ్యాహ్నం 1.40

నేను నెల్లూరు, మాగుంట లేఅవుట్. ఒక ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌ని, జెట్ కుడి సీటు.

గుర్తుల జబ్బు అందరికీ ఉండేదే బ్రో, నాకూ ఉండేది. నాది ఒక కోళ్ళ ఫారం. దాన్ని పడగొట్టారు, నా బేస్ టర్న్ కూడా దాంతోనే పోయింది.

దానికి మందు ఎయిమింగ్ పాయింట్. రన్‌వే మీద ఒక చోటు పట్టుకో, అద్దంలో అది ఎక్కడుందో చూడు. అది కదలకుండా ఉండి పెద్దదవుతూ ఉంటే నువ్వు అక్కడికే పోతున్నావు. అద్దంలో పైకి జరుగుతోందంటే తక్కువైపోయావు, రన్‌వేకి ఇవతలే దిగుతావు. కిందికి జారి ముక్కు కిందకి పోతోందంటే ఎక్కువైపోయావు. ఏ ఊరెళ్ళినా ఈ లెక్క మారదు. పాపి లైట్లు ఉంటే ఇంకా మంచిది, రెండు తెలుపు రెండు ఎరుపు అయితే సరి. కిందికి ఎంత వేగంగా దిగాలో కావాలంటే గ్రౌండ్‌స్పీడ్‌ని 5తో గుణించు. 70 నాట్లయితే నిమిషానికి 350 అడుగులు.

ఎత్తు ఎక్కువైతే ముక్కు తొయ్యకు. పవర్ తీసెయ్, ఫ్లాప్ వెయ్, స్పీడు అలాగే ఉంచు. సైడ్‌స్లిప్ (విమానాన్ని పక్కకి జార్చి ఎత్తు తగ్గించడం) అని ఒకటుంది గానీ కొన్ని 172లలో ఫ్లాప్‌తో స్లిప్ వద్దని రాసి ఉంటుంది, మీ మాన్యువల్ చూసి సార్‌ని అడుగు.

రెండో ల్యాండింగే నాకు అర్థం కావడం లేదు. ఫైనల్ బాగుంటే 15 అడుగుల మీద ఎందుకు లాగావు?

స్టీరింగు_బాబాయ్ · ఆదివారం, మధ్యాహ్నం 3.25

నాకు విమానాలు తెలియవు నాయనా, ఎక్కలేదు కూడా. ఆత్మకూరు డిపోలో 26 ఏళ్ళు బస్సు తోలి రిటైరయ్యాను. మీరు రాస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది, చెప్పొచ్చో లేదో తెలీదు.

సన్న రోడ్డు మీద 50లో పోతుంటే చెట్లు మీదికొచ్చేస్తున్నట్టు ఉంటది. అదే బస్సు తెచ్చి హైవే ఎక్కిస్తే 80లో పోతున్నా పాకుతున్నట్టే ఉంటది. బస్సు అదే, కన్ను అదే. రోడ్డు వెడల్పు మారితే కన్ను మోసం చేస్తది. కొత్త డ్రైవర్లు హైవే దిగి ఊళ్ళో రోడ్డుకి తిరిగేటప్పుడు గుద్దేది అందుకే. నువ్వు చిన్న రన్‌వే నుంచి పెద్ద రన్‌వేకి పోయావా?

కుడిసీటు · ఆదివారం, మధ్యాహ్నం 3.31

బాబాయ్!!!

@పొదలకూరు_నిమ్మ, మీ రన్‌వే వెడల్పు ఎంత, ఆ ఎయిర్‌పోర్టుది ఎంత? ఇప్పుడే చూసి చెప్పు.

పొదలకూరు_నిమ్మ · ఆదివారం, సాయంత్రం 4.02

మాది 23 మీటర్లు. అక్కడ 45.

కుడిసీటు · ఆదివారం, సాయంత్రం 4.45

దొరికింది. మొదట్లోనే అడగాల్సిన ప్రశ్న నాకు తట్టలేదు, డిపో నుంచి రావాల్సి వచ్చింది.

నీ కన్ను 47 గంటలుగా ఒకే బొమ్మ నేర్చుకుంది. రన్‌వే అంచులు రెండూ ఇంత దూరం విచ్చుకుంటే నేల దగ్గరకొచ్చింది, లాగాలి. ఆ బొమ్మ 23 మీటర్లకి సరిపోతుంది. 45 మీటర్ల రన్‌వే దాదాపు రెట్టింపు వెడల్పు కాబట్టి అంచులు అంతే విచ్చుకున్నట్టు కనపడేది దాదాపు రెట్టింపు ఎత్తులో. మీ దగ్గర 10 అడుగుల మీద చూసే బొమ్మ అక్కడ 20 అడుగుల మీదే ఎదురవుతుంది. నువ్వు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశావు. లాగావు. నేల మాత్రం ఇంకా రాలేదు.

దీనికి తిరగేసినది ఇంకా ప్రమాదం. పెద్ద రన్‌వేకి అలవాటుపడ్డవాడు సన్న రన్‌వేకి వస్తే చాలా పైనున్నా అనుకుంటాడు, అందుకని తక్కువ ఎత్తులో వస్తాడు. ముందుకి పోయేకొద్దీ ఎత్తుకి లేచే రన్‌వే కూడా అదే మోసం చేస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. పెద్ద ఎయిర్‌పోర్టులో టేకాఫ్‌కి రన్‌వే మీదికి వెళ్ళి నిలబడతావు కదా. ఆ ఐదు సెకన్లు వృథా చెయ్యకు. చివరి అంచు ఎక్కడుంది, పక్క అంచులు కంటి చివర ఎలా ఉన్నాయి, బాగా చూసుకో. చక్రాలు ఆనేటప్పుడు కనపడాల్సిన బొమ్మ అదే. దిగేటప్పుడు రౌండవుట్ (నేల దగ్గర ముక్కు లేపి దిగే వేగం తగ్గించడం) మొదలుపెట్టగానే చూపు దగ్గర నుంచి తీసి రన్‌వే చివరికి పంపించు. దగ్గర చూస్తే నేల పరుగెత్తుతుంది, చెయ్యి భయపడి లాగేస్తుంది. వీలైతే సార్‌ని అడిగి ఒకసారి ఆనించకుండా రన్‌వే పొడవునా తక్కువ ఎత్తులో పోయి చూడు.

స్టీరింగు_బాబాయ్ · ఆదివారం, సాయంత్రం 5.10

బస్సు కూడా దూరం చూసే తోలాలి నాయనా. బానెట్టు చూసి తోలేవాడు కాలవలోకి పోతాడు.

కనిగిరి_అమ్మ · ఆదివారం, రాత్రి 7.30

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. పైలట్ అవుతానంటోంది. ఇదంతా చదివాక నాకు భయమేస్తోంది. ఆడపిల్ల ఒక్కతే అంతెత్తున ఉండి ఇలా ఎగిరిపడితే ఎలా?

టవర్_అక్క · ఆదివారం, రాత్రి 8.00

అమ్మా, ఒక్కదాన్నే పంపేది ఇన్‌స్ట్రక్టర్‌కి నమ్మకం కుదిరాకే. 16 నిండితే స్టూడెంట్ లైసెన్సు, 18కి కమర్షియల్. మెడికల్ ముందు చేయించండి, ఫీజు కట్టాక కాదు. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఒంగోలు_టైరు · ఆదివారం, రాత్రి 9.15

మూడో ల్యాండింగు మీద ఎవరూ మాట్లాడలేదు. 65 మీద రావాల్సినవాడు 80 మీద వచ్చాడు. 15 నాట్లేగా అనుకుంటారు. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 80ని 80తో, 65ని 65తో గుణించి చూడండి. 6400, 4225. ఒకటిన్నర రెట్ల శక్తిని రన్‌వే మీదికి తెచ్చాడు. అది కరిగేదాకా విమానం కూర్చోదు. స్టూడెంట్‌కి స్పీడు తగ్గించొద్దని చెప్పడమే తప్పు.

కుడిసీటు · ఆదివారం, రాత్రి 9.40

తప్పు అని నేననను అంకుల్. వెనక జెట్ 140 నాట్ల మీద వస్తోంది, టవర్ అడుగుతుంది. పొడుగు రన్‌వే అయితే రెండు మైళ్ళ దాకా 90 ఉంచి తర్వాత పవర్ తీసి ఫ్లాప్ వేస్తే 65కి వచ్చేస్తుంది. అదీ నేర్చుకోవాలి.

ఒంగోలు_టైరు · ఆదివారం, రాత్రి 9.48

నేర్చుకోవాలి, సరే. 47 గంటలకా? రెండు మైళ్ళలో స్పీడు, ఫ్లాప్, ట్రిమ్, రేడియో అన్నీ మార్చుకుంటూ వచ్చేవాడు రన్‌వే ఎప్పుడు చూస్తాడు? నీకు పక్కన ఇంకో పైలట్ ఉంటాడు బాబూ.

టవర్_అక్క · ఆదివారం, రాత్రి 10.02

ఇద్దరూ కొట్టుకోకండి. మేము అడుగుతాం, నువ్వు కాదనొచ్చు. "అన్‌ఏబుల్" (నా వల్ల కాదు) అనే మాట ఉన్నదే అందుకు. అప్పుడు నిన్ను ఒక చుట్టు తిప్పుతాం, లేదా జెట్‌ని ముందు దింపి నిన్ను వెనక రమ్మంటాం. జెట్ వెనక వస్తే మాత్రం దాని అప్రోచ్ కన్నా కొంచెం పైన ఉండి, అది ఆనిన చోటు దాటి దిగు. దాని రెక్కల చివర్ల నుంచి వచ్చే సుడి కిందికి దిగుతుంది, 172ని తిప్పి పడెయ్యగలదు.

చెరువుకట్ట · సోమవారం, ఉదయం 6.50

నేను నిన్న ఎగతాళి చేశా గానీ ఒకటి చెప్తా. మా రొయ్యల చెరువుల మీద గద్ద వస్తే రెక్కలు ఆడిస్తూ పోతది. ఎండెక్కాక దున్నిన నేల మీదికి పోయిందంటే రెక్క కదిలించకుండా పైకి పోతది. రోజూ చూస్తా. నీళ్ళ మీద గాలి నిన్ను లేపదు, నేల మీద లేపుతది. మీ విమానానికి కూడా ఇట్నే ఉంటదా?

కుడిసీటు · సోమవారం, ఉదయం 7.15

అచ్చం అలాగే ఉంటుంది అన్నా. ఫైనల్లో చెరువు మీద కొంచెం కుంగుతుంది, ఎండిన పొలం మీద తేలుతుంది. రెండూ ఒక దాని తర్వాత ఒకటి వస్తే కొత్తవాడు పవర్ లీవర్‌ని రంపంలా లాగుతూ తోస్తూ ఉంటాడు. అందుకే స్టూడెంట్లని పొద్దున్నే ఎగరమంటారు.

జువ్వలదిన్నె_తెరచాప · సోమవారం, మధ్యాహ్నం 2.20

అడ్డగాలి గురించి ఎవరూ చెప్పలేదే. పిల్లవాడు అడగలేదు గానీ రేపు అడుగుతాడు.

మా నాన్న పడవ మొగలోకి (ఏరు సముద్రంలో కలిసే చోటు) తెచ్చేటప్పుడు పడవ ముక్కు మొగ వైపు పెట్టడు. పక్క నుంచి నీరు లాగుతుంటే అది వచ్చే వైపుకి ముక్కు కాస్త తిప్పి పెడతాడు. చూసేవాళ్ళకి పడవ వంకరగా పోతున్నట్టుంటుంది, పోయేది మాత్రం నేరుగా మొగలోకే. మొగలోకి వచ్చాక ముక్కు సరిచేస్తాడు. మా అన్న మొదట్లో ముక్కు నేరుగా పెట్టేవాడు, పడవ పక్కకి కొట్టుకుపోయేది, మళ్ళీ తిప్పేవాడు, మళ్ళీ కొట్టుకుపోయేది. ఒడ్డున ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

విమానం సంగతి మీరే చెప్పాలి.

కుడిసీటు · సోమవారం, సాయంత్రం 6.00

దాన్నే మేము క్రాబ్ అంటాం, పీత నడక. గాలి వైపుకి ముక్కు తిప్పి రావడం. తేడా ఒక్కటే, చక్రాలు ఆనే ముందు రడ్డర్‌తో (తోక చుక్కాని) ముక్కుని రన్‌వేకి సరిగ్గా తిప్పి, గాలి వైపు రెక్కని కొంచెం వంచి, ఆ పక్క చక్రం ముందు ఆనించాలి. ముక్కు వంకరగా ఉండగా ఆనితే టైర్లు ఏడుస్తాయి, ఆ కథ ఒంగోలు అంకుల్ చెప్పగలరు.

బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగేటప్పుడు కూడా గాలి చూసుకో. వెనక నుంచి తోస్తే రన్‌వే లైను దాటిపోతావు. దాటిపోయావని రడ్డర్ తొక్కి గట్టిగా వంచి తిప్పొద్దు. 45 డిగ్రీలు వంచితే స్టాల్ స్పీడు దాదాపు 19 శాతం పెరుగుతుంది, 60 అయితే 41. ఆ ఎత్తులో స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) పోతే బయటపడే చోటు లేదు. దాటిపోతే దాటిపోనీ, గో-అరౌండ్.

పొదలకూరు_నిమ్మ · సోమవారం, రాత్రి 8.30

ఆ గో-అరౌండే నాకు కష్టం అన్నా. చేశానంటే ఓడిపోయినట్టు. ఒక్కో గంటకి ఎంత కడుతున్నామో తెలుసు. గో-అరౌండ్ అంటే ఇంకో చుట్టు, ఇంకో 8 నిమిషాలు, అంటే నాన్న ఎన్ని బస్తాల కాయలు కొయ్యాలో లెక్క తలలో తిరుగుతుంది.

ఒంగోలు_టైరు · సోమవారం, రాత్రి 9.20

2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర హైవే మీద యుద్ధ విమానాల ట్రయల్ జరిగింది, గుర్తుందా? 16వ నంబరు రోడ్డు మీద ఎమర్జెన్సీ రన్‌వే. అప్పటికి ఊరు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మాకింకా ప్రకాశమే. నేనూ స్కూటరేసుకుని పోయా. జనం జనం. విమానాలు రోడ్డు దాకా దిగి వచ్చాయి, చక్రం ఆనించకుండానే లేచిపోయాయి. నా పక్కన ఒకాయన, "ఇదేందబ్బా, దిగలేదే, పెట్రోలు దండగ" అన్నాడు.

దండగ కాదు అబ్బాయ్. అంతదాకా వచ్చి లేవడం కూడా పనే. నాన్నకి లెక్క చెప్పాలనుంటే ఇది కూడా చెప్పు. ఒక గో-అరౌండుకి ఎనిమిది నిమిషాల పెట్రోలు. ప్రొపెల్లర్ నేలకి కొడితే ఇంజిన్ విప్పి చూడాలి. విప్పేవాళ్ళలో ఒకణ్ణి నేను.

చెరువుకట్ట · సోమవారం, రాత్రి 9.31

దొనకొండలో కూడా బ్రిటిష్ వాళ్ళనాటి రన్‌వే ఉంది గదా, రెండో ప్రపంచ యుద్ధం అప్పటిది. అదెప్పుడు

రచ్చబండ_పెద్ద (నిర్వాహకులు) · సోమవారం, రాత్రి 9.33

అన్నా.

పొదలకూరు_నిమ్మ · మూడు వారాల తర్వాత, గురువారం, రాత్రి 8.10

అందరికీ నమస్కారం. ఇవాళ మళ్ళీ అదే ఎయిర్‌పోర్టుకి పోయొచ్చాను, అదే సార్‌తో.

16 మైళ్ళ దగ్గర దిగడం మొదలుపెట్టాను. అప్పటికే ఏటిస్ రాసుకున్నా. 10 మైళ్ళ దగ్గర కాల్, మొదటి మాటే స్టూడెంట్ పైలట్. నిజంగానే నెమ్మదిగా మాట్లాడారు అక్కా. 5 మైళ్ళ దగ్గర ఆల్టీమీటరు 2000 చూపాలి, 2100 చూపించింది. లైట్లు మూడు తెలుపు ఒకటి ఎరుపు, కాసేపటికి రెండూ రెండూ. ఆ లైట్లకి పాపి అని పేరెవరు పెట్టారో గానీ ఇంత పుణ్యం చేసినవి ఇంకోటి లేవు.

రౌండవుట్ దగ్గర చెయ్యి మళ్ళీ ముందే లాగబోయింది. నిజంగా లాగబోయింది, నాకు తెలుస్తూనే ఉంది. చూపు చివరికి పంపించా, ఆగా, ఇంకా ఆగా, అప్పుడు లాగా. కొంచెం ముందుకి పోయి ఆనింది గానీ ఎగరలేదు.

రెండోసారి 200 అడుగుల మీద స్పీడు 76 ఉంది. సార్ ఏమీ అనలేదు, చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేనే పవర్ కొట్టి గో-అరౌండ్ చెప్పాను. బస్తాల లెక్క గుర్తొచ్చింది, కానీ పైకి లేచాక.

మూడోసారి డౌన్‌విండ్‌లో (సర్క్యూట్‌లో రన్‌వే పక్కగా ఎదురు దిశలో పోయే భాగం) ఉండగా, ఫైనల్లో స్పీడు తగ్గించకుండా రాగలవా అని అడిగారు. అన్‌ఏబుల్ అన్నాను. ఒక చుట్టు తిరగమన్నారు. తిరిగాను. జెట్ దిగింది, నేను దాని తర్వాత పైనుంచి వచ్చి ముందుకి పోయి దిగాను.

టేకాఫ్‌కి లైనప్ అయినప్పుడు ఐదు సెకన్లు రన్‌వే చూస్తూ ఉండిపోయా. "ఏం చూస్తున్నావ్" అన్నారు సార్. "మా ఆత్మకూరు బాబాయ్ చూడమన్నారు సార్" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

తిరిగొచ్చాక లాగ్‌బుక్‌లో సంతకం పెడుతూ "ఊఁ" అన్నారు. అంతే.

స్టీరింగు_బాబాయ్ · గురువారం, రాత్రి 8.25

మా డిపో మేనేజరు కూడా అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ అనలేదు నాయనా. ఊఁ అంటే చాలు.

కనిగిరి_అమ్మ · గురువారం, రాత్రి 8.50

మా అమ్మాయి ఈ పేజీ అంతా పక్కన కూర్చుని చదివింది బాబూ. మెడికల్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

కుడిసీటు · గురువారం, రాత్రి 9.05

76 దగ్గర నీ అంతట నువ్వే లేపావు చూడు, సార్ ఊఁ అన్నది దానికే. ల్యాండింగులకి కాదు.

పొదలకూరు_నిమ్మ · గురువారం, రాత్రి 10.40

రేపు ఉదయం 7 గంటలకి సోలో క్రాస్‌కంట్రీ, అక్కడికే. పక్క సీటు ఖాళీ. రన్‌వే 27, అంటే 270 డిగ్రీల దిశ. గాలి 240 డిగ్రీల నుంచి 8 నాట్లు ఉంటుందని ఫోర్‌కాస్ట్. తెరచాప అన్నా, పడవ ముక్కు ఎడమకి కదా?

జువ్వలదిన్నె_తెరచాప · గురువారం, రాత్రి 10.52

ఎడమకే తమ్ముడూ. గాలి చిన్నదే, కొంచెం తిప్పితే చాలు. నిద్రపో.